ఒట్టి గాజు మీద

పలాస స్టేషన్‌కి రెండు వీధుల అవతల
జీడిపిక్కల బట్టీల పొగ దూరే గదిలో
మైక్రోటోమ్ ముందు కూర్చుంటాను.
పొద్దున్నే పొగ ఎక్కువ. కిటికీకి తడిగుడ్డ కడతాను.

మైనపు దిమ్మలో బొర్ర దాలయ్య ఉన్నాడు.
అంటే, సూది తెచ్చినంత దాలయ్య:
అగ్గిపుల్లలో సగం పొడుగు, దారమంత లావు,
ఎడమ కిడ్నీ, కింది కొస.
మిగతా దాలయ్య మందసకి ఇవతల
కొబ్బరితోటకి నీళ్లు కడుతున్నాడు,
లేదా ఈ వారం కట్టలేకపోతున్నాడు.

సూది గుచ్చిన రోజు అడిగాడు:
"ఏటమ్మా, ఇంత సిన్న ముక్కలో ఏటి దొరుకుద్ది?
మా నాయిన్ని తిన్నదీ, మా అన్నని తిన్నదీ
ఇందల తొంగునుంటాదా?"
తొంగునుంటే లేపడమే నా పని, అన్నాను.
నవ్వాడు. ఆ నవ్వుకి ఇంకా బాకీ ఉన్నాను.

చక్రం ఒక చుట్టుకి నాలుగు మైక్రాన్లు.
ఉల్లిపొర దీని పక్కన గోనెపట్టా.
ఊపిరి బిగపట్టాలి.
ముక్క వెనక ముక్క అతుక్కుని రిబ్బనులా వస్తే
కుంచె కొసతో గోరువెచ్చని నీళ్ల మీదికి దింపుతాను.
ముడతలు వాటంతటవే విప్పుకుంటాయి.
అప్పుడు అడుగునుంచి గాజుపలకతో ఎత్తుకోవాలి,
నిద్రపోయే పిల్లని చాప మీంచి ఎత్తినట్టు.

మొదటి గాజు వైరస్ కోసం.
డీఎన్ఏ రెండు పోగుల పురి.
తొంభై అయిదు డిగ్రీల వేడికి పురి విడిపోతుంది.
విడిపోయిన ఒంటరి పోగుల మీద
మెరిసే గుర్తు కట్టిన మా పోగుని వదులుతాం.
రాత్రంతా ముప్పై ఏడు దగ్గర వెతుక్కోనిస్తాం.
జోడీ దొరికితే పట్టుకుంటుంది,
దొరక్కపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతుంది.
ఆ రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది.
ఇన్వర్టరు పక్కన కుర్చీ వేసుకుని
ఒక అంకెకి కాపలా కాశాను.

తెల్లారి, చీకటిగదిలో,
వైరస్ ఉందని ముందే తెలిసిన గాజు మీద పచ్చటి చుక్కలు,
భావనపాడు నుంచి కనిపించే వేటపడవల దీపాల్లా.
దాలయ్య గాజు మీద ఒక్క దీపం లేదు.
"లేదు" అని రాయడానికి కూడా
ఒక రాత్రి పడుతుంది.

రెండో గాజు లేజరున్న ఊరికి వెళ్లింది.
అక్కడ వెలుగు సూది
గొర్రుతో చాళ్లు తోలినట్టు ముక్కని వరసా వరసా గీరి
లేచిన ధూళిని తూచి చెబుతుంది:
ఇనుము ఇక్కడ, కాడ్మియం అక్కడ, సీసం ఎక్కడెక్కడ.
పదకొండు రోజులకి పటం వచ్చింది.
సీసం ఎర్రగా. ఎంత ఎర్రగానో.
డాక్టర్ సుభాషిణి కుర్చీలోంచి లేచింది.
అటెండరు కూర్మారావు టీ చెప్పడానికి పరిగెత్తాడు.
నేను దాలయ్య నంబరు కోసం రిజిస్టరు తీశాను.

అప్పుడు చూశాను, పటం అంచు.
కిడ్నీ అయిపోయాక
కండ లేని చోట, ఒట్టి గాజు మీద,
అంతే ఎరుపు.

ఆ బుధవారం డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఖాళీ.
తొట్టిలో నీళ్లు రెండువేళ్లు తగ్గితే
మూలనున్న కుళాయి తిప్పి ఒక బీకరు పోశాను.
పాత ఇత్తడి కుళాయి. తిప్పింది నేనే.

టీ వచ్చింది. ఎవరం తాగలేదని రాస్తే బాగుంటుంది గానీ
తాగాం, చల్లారకముందే.

దిమ్మలో ఇంకో ఇరవై పొరలున్నాయేమో, పదిహేనేమో.
అవీ అయిపోతే ఆయన మళ్లీ బోర్లా పడుకోవాలి.
రిజిస్టరులో రాశాను:
పద్నాలుగో పొర. నీళ్లు: కుళాయివి. తప్పు: నాది.
కింద పొడి సంతకం కాదు, పూర్తిపేరు, పిలక హైమావతి.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. వెనకాల మోటారు చప్పుడు.
"దొరికిందేటమ్మా?"
దాచకుండా చెప్పాను, బీకరుతో సహా.
మోటారు ఆపినట్టున్నాడు. నిశ్శబ్దం.

"నాను అలాగే ఉంటాను గానీ,
ఆ కులాయి నీల్లు
మీరు తాగతన్నారేటి?"

బల్ల మీద నా నీళ్ల సీసా.
సగం తాగింది.