పాలసొర

బేరం తరవాత ఆడుదువు గాని బాబూ, ముందు సెప్పు:
ఎన్నో రోజు? తొమ్మిదా?
సంచిలో ఆ డబ్బా ఏటి?
మూత ఇప్పీసినారా, ఇంకా నేదా?

తెల్లారగట్ల హార్బరు ఏలంపాటలో
ముగ్గురితో తగువాడి పట్టిన సొర ఇది.
తోలు మీద ఎదురు రుద్ది సూడు, ఇసకలాగ గరుకు.
పసుపేసి ఉడకెట్టు, తోలు ఒలిసీ,
పొడిపొడిగా నలిపి ఎల్లుల్లి దండిగా ఏసి ఏపు.
బాలింతకి ఏడేడిగా ఎట్టు.
నువ్వు తినీకు.
సగంమంది మగోలు దారిలోనే రుసి సూసేత్తారు.

సొరలో పాలుంటాయేటి, అబద్దం ఎందుకు?
మా జాలరిపేట ఆశా పిల్ల అననే అంది,
"సొర కాదత్తా, బిడ్డ లాగితేనే పాలు" అని.
అదీ నిజమే అన్నాను.
అయినా తల్లికి ఎవలో ఒకలు వండి ఎట్టాల గదా.

నా పెద్దోడప్పుడు పదమూడో రోజుకే గంప ఎత్తినాను.
పూర్ణా మార్కెట్టు మలుపులో
ఎవలి బిడ్డో ఏడిసింది.
నా జాకెట్టు తడిసిపోయింది.
సేపల నీరనుకున్నారు.
నానూ అదే సెప్పినాను.
ఆ పూట ఆడికి మా అత్త గంజి తేట పోసింది.
ఇప్పుడు బోటు మీద ఎల్తాడు, గెడలాగ సన్నం.
నన్నెప్పుడూ ఏటీ అన్నేదు.

ఇచ్చీ, ఆ రెండొందలు సాలు.
తోక ఊరికే ఏత్తన్నాను.
డబ్బా ఇక్కడ ఒగ్గీ...
వొద్దులే, పట్టుకుపో, నాకెందుకు.
ఆయమ్మ ఈపుకి తలగడెట్టు.
రాత్రి బిడ్డ ఏడిత్తే
నువ్వు లెగిసి ఎత్తి అందించు.

బేగెల్లు. ఎండెక్కితే సొర ఆగదు.