తోడు

పది నిమిషాలే, అని చెప్తాను అందరికీ.
హెల్మెట్ పెట్టి, చేతులకు తొడుగులిచ్చి
నా అడుగు పడ్డ చోటే అడుగెయ్యమంటాను.
కాలిన మూడోరోజు కూడా
సొలొలాకి వీధిలోని ఆ పాత మేడ
మెట్ల మీద నీళ్ళు కారుస్తూనే ఉంది.

ఏది మిగులుతుందో నాకు తెలుసు,
ఇరవైరెండేళ్ళ ఉద్యోగం.
పింగాణీ మిగులుతుంది, అది పుట్టిందే ఆవంలో.
గట్టిగా మూసిన లావుపాటి పుస్తకం
అంచులు మాడ్చుకుని నడుమ తెల్లగా ఉంటుంది.
కత్తెర. పియానో తీగలు.
తాళంచెవులు, తలుపులు లేకుండా.
మంట వదిలింది నీళ్ళు పట్టుకుపోతాయి,
నీళ్ళు వదిలింది వాసన.
చెక్కుచెదరని వెల్వెట్ కోటు దొరుకుతుంది,
తొడుక్కుంటే పక్కన ఎవరూ కూర్చోలేరు.

నాలుగో అంతస్తు గురామ్
కుస్తీలో గెలిచిన పతకాల కోసం వచ్చాడు.
కరిగి ముద్దయినవాటిని జేబులో వేసుకుని
"బరువు మాత్రం తగ్గలేదు" అన్నాడు.
రెండో అంతస్తు కుర్రాడు
ఫోన్ ఛార్జర్ వెతికాడు. నవ్వొచ్చింది.
కాసేపటికి రాలేదు.

మూడో అంతస్తు త్సియూరి.
బంగారం ఎక్కడ పెట్టారమ్మా అంటే
వంటింటి వైపు చెయ్యి చూపింది.
ఫ్రిజ్ రబ్బరు కరిగి తలుపు అతుక్కుపోయింది.
గునపం పెట్టి లాగాను.
లోపల పలచని మసి,
మసి కింద మూతపెట్టిన మట్టి ముంత.
మత్సోని! అది లేని ఇల్లు మా తిబిలిసీలో లేదు.
ఇంత పెరుగు కోసమా అన్నాను.
"పెరుగు కాదు నాయనా, తోడు" అంది.

అత్తగారు స్వనేతి కొండల నుంచి
మంచులో, బస్సులో, ఒళ్ళో పెట్టుకు తెచ్చిందట.
నిన్నటి చెంచా ఇవాళ్టి పాలలో,
ఇవాళ్టి చెంచా రేపటి పాలలో, యాభైమూడేళ్ళు.
కరెంటు లేని ఆ చలికాలాల్లో
కోటు లోపల దాచుకుని పడుకుందట,
మొగుడు అటు తిరిగి పడుకున్నా సరే.

కాలిన ఇంటి ఫ్రిజ్‌లోది ఏదీ నోట పెట్టకూడదు.
ప్లాస్టిక్ పొగ విషం. ఆ కాగితం మీద
సంతకాలు తీసుకునేది నేనే.
ముంత అందుకోబోతే రెండు చేతులూ అడ్డం పెట్టింది.
"తినను. బతికుందో లేదో చూస్తానంతే."
జాబితాలో రాశాను: మట్టి పాత్ర, ఒకటి.

వాళ్ళందరినీ ఉంచిన బడి వ్యాయామశాలలో
పాలు కాచింది, చిటికెనవేలు ముంచి చూసింది,
చెంచాడు కలిపి నా మఫ్లరే అడిగి చుట్టింది.
మర్నాడు నాకు డ్యూటీ లేదు. వెళ్ళాను.
పాలు పాలుగానే ఉన్నాయి,
కాలిన టైరు వాసనతో.
ఆవిడ ఏడవలేదు. ముంత బోర్లించి
చాలాసేపు కడిగింది. కడిగినదాన్నే మళ్ళీ కడిగింది.

అప్పుడొచ్చింది లమారా.
ఒకప్పుడు కింది వాటాలో ఉండేది,
నీళ్ళ పైపు దగ్గర తగవొచ్చి
కురా నది అవతలికి మారిపోయింది.
తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.
గడప దాటలేదు. జామ్ సీసా ఒకటి నా చేతిలో పెట్టి
"ఇది దానిదే, అప్పుడెప్పుడో ఓ చెంచా ఇచ్చింది.
పైపు సంగతిలో మాత్రం న్యాయం నాదేనని చెప్పు" అంది.

రెండూ చెప్పాను.
త్సియూరి మూత తీసి వాసన చూసింది.
వేలి కొసన అంటించుకుని, నాలుక మీద పెట్టుకుని
కళ్ళు మూసుకుంది.
"పులుపెక్కువ" అంది చివరికి.
"పాలు కాచడం దానికి ఏనాడూ చేతకాలేదు."
అని, కిటికీ వైపు చూడకుండా
వెళ్ళిపోయిందా అని అడిగింది.

చూశాను.
లమారా ఇంకా బస్టాపులోనే నిలబడి ఉంది.
అప్పటికి రెండు బస్సులు వెళ్ళిపోయాయి.