రెండు క్షణాల బాకీ

"తొక్కితే పలకదు, నెమేసియా" అన్నాడు రొసెందో.
"ఒకటి, రెండు అని లెక్కపెట్టాక
ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఉరుకుతుంది."
ఎల్ ఆల్టోలో ఈ ఫిర్యాదు కొత్తది కాదు.
సముద్రం మాకు నాలుగు కిలోమీటర్ల కింద ఉంది,
ఇక్కడ గాలి నెలాఖరు చారంత పలచన.
నాలుగు మెట్లెక్కితే మనుషులే ఆగి గుక్క తిప్పుకుంటారు,
పద్నాలుగు మందిని మోసే బండి తిప్పుకోదా?

అందామనుకున్నాను. అనలేదు, పొగ చూశాను.
ఖాళీ బండి, చదును రోడ్డు, అయినా నల్లటి పొగ.
డీజిల్ అందుతోంది, గాలి అందడం లేదు.
ముద్ద మింగుడుపడక పొలమారిన మనిషి దగ్గు అది.

కంప్యూటర్ తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు.
సెవెరీనాని రేజ్ చెయ్యమని
బానెట్ కింద చెవి పెట్టాను.
టర్బో ఈల. అది ఉండేదే.
దాని వెనక సన్నగా ఇంకోటి,
పళ్ల సందుల్లోంచి జారిపోయే మాటలా.

టర్బో అంటే ఏముంది,
వెళ్లిపోతున్న పొగని పట్టుకుని
పోతూ పోతూ ఈ చక్రం తిప్పి పొమ్మనడం.
అదే ఇరుసుకి అటుచివర ఇంకో చక్రం
గాలిని మూటగట్టి లోపలికి తోస్తుంది.
పొగకి మంట కావాలి, మంటకి గాలి కావాలి,
గాలి రావాలంటే మళ్లీ పొగే కావాలి.
అప్పు కావాలంటే ఆస్తి చూపమన్నట్టు.
ఆ ముడి విడేలోపు గడిచేది ఒక క్షణం,
మూటకి చిరుగుంటే రెండు, మూడు.

పాలపొడి డబ్బాకి సైకిల్ ట్యూబు వాల్వు బిగించి
టర్బో నోటికి బిరడా పెట్టాను.
కంప్రెసర్ గాలి, ఒక్క బార్.
సెవెరీనా సబ్బునీళ్లు కుంచెతో రాస్తూ వెళ్లింది.
మొదటి గొట్టం, ఏం లేదు.
ఇంటర్‌కూలర్ అంచులు, ఏం లేదు.
కింది గొట్టం దగ్గర, క్లాంపు అంచున,
పాలు పొంగినట్టు నురగ.

గోరంత చీలిక.
గాలి ఆపితే పెదాలు మూసుకుంటుంది,
ఒత్తిడి పెడితేనే నోరు విప్పుతుంది.

క్లాంపు స్క్రూ మీద తెల్ల పెయింటు గీత.
నేను బిగించిన ప్రతి స్క్రూ మీదా అలా ఒక గీత గీస్తాను,
వదులైతే తెలియాలని.
గీత వెంట్రుకవాసి కదల్లేదు.
జూన్‌లో, వేళ్లు మొద్దుబారిన చలిలో,
ఎందుకైనా మంచిదని ఇంకో చుట్టు తిప్పాను.
ఎనిమిది నెలలుగా ఆ రేకు అంచు
రబ్బరుని తింటూనే ఉంది.

సెవెరీనా గీత చూసింది, నన్ను చూసింది.
రొసెందో బయట స్టూలు మీద
ఊదారంగు మొక్కజొన్న అంబలి ఊదుకు తాగుతున్నాడు.
పాత గొట్టం అన్నామంటే అయిపోయేది.
రబ్బరు కదా, ఎవరడుగుతారు.

ఒకటి.
రెండు.
అప్పుడు గానీ నా నోరు పెగల్లేదు.
"కోసింది నా క్లాంపే. గొట్టం ఖర్చు నాది, కూలి వద్దు."
"మరి డీజిల్?" అన్నాడు.
దానికి నా దగ్గర జవాబు లేదు.
రెండు ఆయిల్ మార్పుల దగ్గర బేరం తెగింది.
అతను నవ్వలేదు. నవ్వాలని నేనూ అనుకోలేదు.

కొత్త గొట్టం, అంచు మడిచిన వెడల్పు క్లాంపు.
ఈసారి స్పానర్ సెవెరీనాకిచ్చాను.
ఆపమనే లోపే ఆపింది.
గీత పసుపు రంగులో గీసింది,
నా డబ్బా పక్కనే ఉన్నా.

సేహా ఎత్తు మీద రెండో గేరులో తొక్కాడు.
"ఒకటి" అని నావైపు చూశాడు.
బండి అప్పటికే కదిలింది.
"ఆ ఒకటి నాది కాదు రొసెందో, ఈ ఊరిది.
యుంగాస్ వైపు దిగు, అదే తీరుతుంది."
నమ్మాడో లేదో.
చేయి బయటపెట్టి కేకేశాడు,
ఇద్దరు ఎక్కారు, మూటలతో.