రెండోసారి నవ్వు

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా వరసకంతా
టీవీ ఒక్కటే, డోరీన్ ఆంటీ ఇంట్లో.
గురువారం రాత్రి చాప మీద పద్నాలుగు మందిమి.
పెట్టె లోపల, ఎక్కడో ఇంగ్లండులో, ఓ చిన్న స్టేషను,
ఎన్నడూ టైముకు రాని రైలు,
మీసాల స్టేషన్ మాస్టరు,
వారం వారం అదే ట్రంకు
తన కాలి మీదే పడేసుకునే కూలీ.

లోపల ఎవరో గొల్లున నవ్వేవాళ్లు.
వాళ్లు నవ్వారు గనక మేమూ నవ్వేవాళ్లం.
అప్పుడు ఆంటీ అల్లిక సూదులు ఆపి
తన రైల్వే తెలుగులో విప్పేది:
"మాస్టర్ ఏమంటుండు తెల్సా?
ఈ కూలీ మన టైమ్‌కీపర్ సైదులు బామ్మర్ది అంట.
జీతం రోజు మాత్రం బండి కంటె ముందొస్తడంట!"
అప్పుడు రెండోసారి నవ్వేవాళ్లం,
కడుపులు పట్టుకుని.
లేటు బండ్ల మీద జోకులు గిట్టని నాన్న,
గూడ్సు గార్డు,
లోపలికి రాకుండా
గుమ్మం బయటే నిలబడి నవ్వేవాడు.

నలభై ఏళ్లకు
తార్నాకలో షమీమ్ జిరాక్సు షాపు.
షట్టరు సగం దించి కంప్యూటర్ ముందు ముగ్గురం.
మళ్లీ కలిశారట వాళ్లంతా, ఒక్క రాత్రికి.
అదే ప్లాట్‌ఫారం, కొత్త రంగు.
మాస్టరుకు మీసం లేదు.
టీ అమ్మే ఆమె కుర్చీలో
ఆమె టోపీ మాత్రం ఉంది.
కూలీ వచ్చాడు, చేతికర్రతో.
ట్రంకు వైపు చూశాడు.
ఎత్తలేదు. దాని మీద కూర్చున్నాడు.
నవ్వాలో వద్దో అక్కడి జనానికి తెలియలేదు.
మాకూ తెలియలేదు.

మధ్యలో పాత ముక్కలు వేశారు.
ఇప్పుడు నాకు ఇంగ్లీషు వచ్చు,
ఇరవై ఆరేళ్లుగా అది చెప్పుకునే బతుకుతున్నా.
మాస్టరు అన్నది ఇంతే:
"ఇవాళ వాన పడేటట్టుంది."
కూలీ అన్నది: "అవునండీ."
సైదులు లేడు. బామ్మర్ది లేడు.
జీతం రోజు అసలే లేదు.

షమీమ్ వెనక్కి తిప్పింది. మళ్లీ వాన.
"మరి ఆ టికెట్ తిన్న మేక?" అన్నాడు బెంజిమెన్,
ఆ మేకను కళ్లారా చూసినవాడిలా.
ఏ ముక్కలోనూ మేక లేదు.
చివర్లో పేర్లు పైకి జరిగాయి,
రాసినవాళ్లవి, కుట్టినవాళ్లవి, దీపాలు పట్టినవాళ్లవి.
మేం చివరి పేరు దాకా చూశాం,
ఉండదని తెలిసీ.

షట్టరు కింద నుంచి ఓ తల వంగింది:
"అక్కా, ఆధార్ రెండు దిక్కులా తీస్తరా?"
ఎవరం పలకలేదు.
బెంజిమెన్ గొంతు సవరించుకుని,
లేని సూదులు ఒళ్లో పెట్టుకుని,
"కూలీ ఏమంటుండు తెల్సా..."