నివాసం

పాలసీ పుట్టింది హిందూపురంలో,
బ్యాంకు కౌంటరు మీద.
గడులన్నీ కౌంటరు అబ్బాయే నింపాడు.
సంతకం మాత్రం అక్కది.

కోత పడింది రాయవేలూరులో.
పేరులోనే రాయి ఉన్న ఊరు.
పిత్తం సంచిలోంచి పదకొండు తీసి
సీసాలో వేసిచ్చారు,
చింతగింజలంత ఉన్నాయి.

మేముండేది చిక్కపేటలో,
మూడో అంతస్తు,
చీరలకు ఫాల్స్ కుట్టే గది.

లక్షా పద్దెనిమిది వేల నాలుగొందలు.
కంపెనీ జవాబు నాలుగు వరుసలు:
షుగరున్న సంగతి దాచారు గనక ఇవ్వలేం.
దాచడమా?
అక్క టీలో చక్కెర వేసుకోదని
మా వీధి కుక్కకి కూడా తెలుసు.
ఆ గడి ఖాళీగా వదిలిందెవరు?

ముందు కంపెనీకే మళ్లీ రాయాలన్నారు, రాశాను.
పాలలెక్క పక్కన గోడ మీద
సుద్దముక్కతో ముప్పై గీతలు.
నెల దాటితే మౌనం కూడా జవాబేనట.

ఆ తర్వాత తప్పు చేశాను.
అమ్మింది బ్యాంకు కదా అని
బ్యాంకుల అంబుడ్స్‌మన్‌కి పంపాను.
తిరిగొచ్చింది: మా పరిధి కాదు.
పరిధి.
ఆ మాటని గుండుసూదిలా పెదాల మధ్య పట్టుకుని
రెండు చీరలు కుట్టాను.

అక్కకి ఆ పదం నోరు తిరగదు.
అంబులెన్సు మనిషి అంటుంది.
పోనీలే, రెండూ ఆలస్యంగానే వస్తాయి.

బీమాకి వేరే ఆయన ఉన్నాడని చెప్పింది
కింద జిరాక్సు కొట్టు రేవణ్ణ.
ఒక్కడు కాదట. ఇన్ని ఊళ్లకి ఒకడు.
పాలసీ కాగితం హైదరాబాదు వైపు చూస్తోంది.
ఆసుపత్రి బిల్లు చెన్నై వైపు.
అక్క రాయవేలూరు పక్షమే:
"కోసింది వాళ్లు. రాత్రంతా
నేను నీళ్లడిగింది ఆ గోడల్ని.
వాళ్లకి కాక ఇంకెవరికి తెలుసు?"
రేవణ్ణ తల అడ్డంగా ఊపాడు.
ఆసుపత్రి లెక్కలోకి రాదమ్మా.
కంపెనీ ఆఫీసున్న చోటు,
లేదంటే మీరుండే చోటు.

నొప్పి పుట్టిన ఊరికి అధికారం లేదు.

ఇక మిగిలినవి రెండు వాకిళ్లు.
హైదరాబాదులో అయితే నా గోడు నా మాటల్లో చెప్పొచ్చు.
కానీ రాత్రి రైలు, రెండు రోజుల కూలి,
అక్క మాత్రలు, అక్క మూత్రం, అక్క మోకాళ్లు.
ఇక్కడైతే జయనగరం దాటాక జేపీ నగర్,
ఒక్క బస్సు.
నా కన్నడం బేరానికి సరిపోతుంది,
ఏడవడానికి చాలదు.

ఫారంలో ఒక గడి: నివాసం.
ఇరవై రెండేళ్లుగా ఎవరు ఏ ఊరన్నా
హిందూపురం అనే అన్నాను,
ఇంటి ఓనరుతో, ఆటోవాడితో,
పక్కన సూది పట్టిన సల్మాతో.
ఇప్పుడు రుజువు కావాలట.
ట్రంకుపెట్టె అడుగున దొరికింది గ్యాసు బిల్లు,
నూనె మరక, నా పేరు, చిక్కపేట, బెంగళూరు.
నేను ఒప్పుకోని మాట
గ్యాసు కంపెనీ ఎప్పుడో రాసేసింది.

ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు.
ఏడాది గడువులో నలభై రోజులున్నాయి.
స్టేప్లరు లేక
కాగితాలకి ఫాల్ కుట్టు వేశాను,
పైకి కనబడనిది, లోపల పట్టుకునేది.

రాళ్ల సీసా కూడా తీసుకుపోదామంది అక్క.
వద్దన్నాను, వాళ్లకి కాగితాలు చాలు.

బస్సులో ఆడవాళ్లకి టికెట్టు ఉచితం,
ఈ రాష్ట్రం వాళ్లయితే.
కండక్టరు ఆధార్ చూశాడు, ఇద్దరివీ,
వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాడు.
హిందూపురం.
డబ్బులిచ్చి కొన్నాను,
జేపీ నగర్, రెండు.

గుంత దగ్గర బస్సు ఎగిరింది.
అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది,
ఏమీ ఎరగనట్టు.
ఒళ్లో సంచి గలగలమంది.