వేలితో చూడల్ల

గుత్తి రోడ్డు కాయల మిల్లులో
ముప్పై ఏండ్లు విత్తనాలు ఏరింది
మా మేనత్త మాబున్ని.
చేటలో వెయ్యి గింజలున్నా
సచ్చుగింజ దగ్గరే ఆగేది ఆమె చూపుడువేలు.
"కంటిని నమ్మొద్దు పాపా,
బూజు లోపలుంటాది. వేలితో చూడల్ల."

రొమ్ములో గడ్డను పట్టింది కూడా ఆ వేలే.
చెప్పింది మాత్రం ఆర్నెల్ల తర్వాత.

కర్నూలు పెద్దాసుపత్రిలో
సీసాలోంచి చుక్కచుక్కగా ప్లాటినం దిగింది.
"బంగారానికి అక్కంట, నా ఒంట్లో పోస్తాండారు" అని నవ్వింది.
డోన్ దాటేసరికి బస్సు కిటికీలోంచి వాంతులు.

ప్లాటినానికి ఏరడం రాదు.
గడ్డను కొట్టింది, మూత్రపిండాన్ని కొట్టింది, చెవిని కొట్టింది,
చివరికి ఆ వేలికొసనూ.
ఇప్పుడు గింజకూ రాయికీ తేడా తెలీదామెకు.

అనంతపురం యూనివర్సిటీ ల్యాబులో
రుథీనియానికి ఆ వేలిని అతికించాలని చూస్తున్నా నేను.
మూలకాల పట్టికలో ఇనుము కిందే దాని ఇల్లు.
కేన్సరు కణానికి ఇనుమంటే ఆశ,
బెట్టకొచ్చిన చేను మబ్బును చూసినట్టు.
ఆ పోలికతోనే ఇది గడప దాటుతుంది,
లోపల గాలాడని చీకట్లో ముసుగు తీస్తుంది.
కాగితం మీద తీస్తుంది.

మొదటిది నీళ్లలో కరగలేదు.
నాలుగోది కరిగింది, ఎవర్నీ ముట్టలేదు, మర్యాదస్తుడు.
తొమ్మిదోది అందర్నీ చంపింది.
పదమూడోది కరెంటు పోయిన రాత్రి
ఫ్లాస్కులోనే తారైంది.

పదిహేడోది నారింజరంగు పొడి, గోరంత.
తొంభై ఆరు గుంతల పలకలో పోసి
రెండు రాత్రులు ఆగినా.
బతికిన కణం ఊదారంగుకు తిరుగుతుంది,
చచ్చింది పసుపుగానే ఉండిపోతుంది.
పొద్దున మూత తీస్తే
ఎడమపక్క పసుపు,
కుడిపక్క నేరేడుపళ్లు తిన్న నాలుక.

పూర్తిగా కాదు. కుడిపక్కనా రెండు వరుసలు వెలిసినాయి.
"మూడింతల తేడా చాలదమ్మా, పదింతలు కావాల"
సారు లెక్కకాగితం నా వైపు తిప్పినారు.
నిజమే. ఇంకా ఎలుకలు, ఇంకా ఏండ్లు.
అత్తకు ఇది అందదు.
ఇద్దరికీ తెలుసు, మాట్లాడుకోము.

సాయంత్రం ఫోనులో పలక ఫోటో చూపించినా.
కళ్లజోడు తుడుచుకుని,
స్పర్శ లేని ఆ వేలినే అద్దం మీద
ఒక్కో గుంత దాటించుకుంటా పోయి
వెలిసిన వరుసల దగ్గర ఆపింది.

"ఈడ మంచిగింజ పోతాంది పాపా.
మళ్లా ఏరు."