గోడకవతలి కొమ్ము

సినిమాహాలు వెనక గోడే
మా పనిపాకకి ముందు గోడ.
పర్లాకిమిడిలో మాకు తెలిసిన సముద్రం
ఆ గోడలోంచే వచ్చింది.

ఇంగిలీసు బొమ్మ. మాటలు మావి కావు.
ఎక్కడి ఓడలో, ఎవరి గుర్రాలో,
రోజుకు మూడాటలు
సున్నం పెళ్ళలు రాలుస్తూ పరిగెత్తేవి.
పెచ్చు ఊడినచోట చెవి ఆనిస్తే
ముందు ఫిడేళ్ళు,
ఒకటి కాదు, వంద చీమలబారులు
ఒకే బెల్లంముక్క కేసి కదిలినట్టు.
తర్వాత డప్పులాంటిదేదో, డప్పు కానిది,
మన కడుపులో ఉండి కొట్టేది.

భగీరథి మామ దున్నపోతు కొమ్ముని
నిప్పుల మీద కాచి, వంచి
కొంగ మెడ తీస్తుండేవాడు.
నేను ఆకురాయి పట్టేదాన్ని.
కాలిన కొమ్ము కంపు జడలో ఉండిపోయి
బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చోని రోజులవి.

సోడాల గోల సద్దుమణిగాక ఎక్కడో
అన్నీ ఒక్కసారి ఆగేవి.
అప్పుడొక్కటే లేచేది
దూరంగా, పొగమంచులో ఎవరినో వెతుకుతున్నట్టు.
మామ చేతిలో ఉలి నిలబడిపోయేది.

"కొమ్మే అది."
"కాదు మామా, ఇత్తడి. మేష్టారు బొమ్మ చూపించారు,
చుట్టచుట్టుకున్న పాములా ఉంటుంది."
"ఇత్తడే అవనీవే.
దాని తాత మట్టుకు దున్నపోతే."

ఇరవై రోజులు.
ఆ పిలుపు మొదలవగానే మెడ వంచేవాడు.
వంపు కుదిరేలోపే అవతల గుర్రాలొచ్చి పడేవి.
నాలుగు కొంగలు విరిగాయి.

ఆఖరి రోజు, దువ్వెనలమ్మిన డబ్బుల్లోంచి
అరవై పైసలు నా చేతిలో పెట్టి
"నీ కళ్ళు మంచివి, చూసిరా" అన్నాడు.
నేల టికెట్టు.
ఓడ మునిగింది. ఎడారి దాటారు.
నిధి దొరికింది, మళ్ళీ పోయింది.
ఆ కొమ్ము పలికేచోట మాత్రం
కొండ లేదు, కోట లేదు.
ఒక ముసలి సరంగు
బోర్లాపడ్డ పడవ పక్కన కూర్చుని
దోసిలితో నీళ్ళు తాగుతున్నాడు.
అంతే.
అరవై పైసలకీ ఏడుపొచ్చింది నాకు.

"ఏటుందే గుంటా అక్కడ?"
"మహేంద్రగిరంత కొండ మామా,
మబ్బులు కోసుకుంటూ..."
మామ కొమ్ముపొడి ఉఫ్ మని ఊదాడు.
"అబద్ధం.
కొండనెవుడూ అలాగ పిలవడు.
అంత గొంతెట్టి పిలిసినారంటే
అక్కడ ఒక్కడే ఉండుంటాడు."

మర్నాడు డబ్బాలు గుణుపురం చిన్నరైలెక్కాయి.
గోడకవతల వేరే బొమ్మ,
అందులో అందరూ మాట్లాడుతూనే ఉన్నారు.

ఐదో కొంగ విరగలేదు.
ఇప్పుడది నా కిటికీలో ఉంది.
మెడ ఒకచోట ఉండాల్సినదానికన్నా ఎక్కువ వంగుతుంది,
అందుకే ఎవరూ కొనలేదు.
దుమ్ము తుడిచినప్పుడల్లా
గుడ్డ అక్కడికొచ్చి ఆగుతుంది,
నీళ్ళు తాగుతున్న మనిషి
తాగడం అయ్యేదాకా.